రాయి బరువు కాదు.. పట్టు ముఖ్యం!

ఆడి మాసం దగ్గర పడుతోందంటే మంసాపురంలో రేకుల ఇళ్లవాళ్లకు ఒక పని గుర్తొస్తుంది. పెరట్లో రాళ్లు, పాత టైర్లు, ఇసుక మూటలు ఏరి కప్పు మీదకు ఎక్కించడం. పడమటి కొండల మీంచి దిగే గాలి మామూలుది కాదు. ఆడి గాలికి అమ్మి కూడా ఎగురుతుందని తమిళ సామెత. అమ్మే ఎగిరితే దాని పక్కన పెట్టిన ఇటుక ఎంత? ఇది మాత్రం ఎవరూ అడగరు.

గాలి రేకును పైనుంచి కిందకు నొక్కుతుందని చాలామంది నమ్మకం. అందుకే కింద దూలం గట్టిగా ఉందా అని చూస్తారు తప్ప, పైన హుక్కు బిగిసి ఉందా అని చూడరు. నిజానికి తక్కువ వాలున్న కప్పు మీద జరిగేది తలకిందులు వ్యవహారం. గోడకు తగిలిన గాలి పైకి లేచి, చూరు అంచు దగ్గర కప్పును వదిలేసి వేగంగా దూసుకుపోతుంది. అక్కడ ఒత్తిడి పడిపోతుంది. రేకును పైకి లాగేస్తుంది.

మైనస్ అంటే లేనట్టు కాదు

ఇంజనీర్లు చూసే పుస్తకం ఐఎస్ 875 మూడో భాగం. 2015లో సవరించారు. అందులో గాలి ఒత్తిడికి ప్లస్, మైనస్ గుర్తులుంటాయి. ప్లస్ అంటే గాలి ఆ ముఖాన్ని నెడుతోందని, మైనస్ అంటే లాగుతోందని అర్థం. మైనస్ కదా, భారం తగ్గింది అనుకుంటే కొంప మునిగినట్టే.

వెడల్పులో సగానికి మించని ఎత్తున్న షెడ్డుకు 10 డిగ్రీల వాలుంటే, గాలి తగిలే వైపు కప్పు మీద గుణకం మైనస్ 1.2. అదే 30 డిగ్రీల వాలైతే సున్నా. పాత పెంకుటిళ్లకు నిటారు వాలు ఊరికే పెట్టలేదు. రేకులు మిగులుతాయని వాలు తగ్గిస్తే గాలికి చేయి అందించినట్టే.

ఇక లోపలి గాలి సంగతి. గాలివైపు తలుపు తెరిచి ఉంటే లోపలికి చొరబడిన గాలి రేకును కిందనుంచి తోస్తుంది. ఓ మాదిరి తెరుపులున్న షెడ్డుకు దీన్ని ప్లస్ 0.5గా తీసుకుంటారు. బయటి అంకెలోంచి లోపలి అంకె తీసెయ్యాలి. మైనస్ 1.2లోంచి ప్లస్ 0.5 తీసేస్తే మైనస్ 0.7 అని తొందరపడేవాళ్లున్నారు. కాదు, మైనస్ 1.7. పైనుంచి లాగుడు, కిందనుంచి తోపుడు రెండూ ఒకే దిక్కు.

కిలోలెక్కడ.. టన్నులెక్కడ?

మదురై, తిరువనంతపురం రెండింటికీ ప్రమాణంలో ఇచ్చిన మూల గాలి వేగం సెకనుకు 39 మీటర్లు. అంటే గంటకు 140 కిలోమీటర్లు. ఆ వేగానికి ఒత్తిడి చదరపు మీటరుకు దాదాపు 93 కిలోలు. 20 అడుగుల వెడల్పు, 30 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తు షెడ్డుకు లెక్కేస్తే పైకి లాగే బలం ఆరున్నర టన్నుల పైమాటే. చోటును బట్టి సవరణలు చేస్తే కొంత తగ్గుతుంది, కానీ టన్నులు కిలోలైపోవు. ఆ కప్పుకు వేసిన ఇనుప రేకుల బరువు మొత్తం కలిపినా 300 కిలోలు దాటదు. పది ఇసుక మూటలు పెట్టినా ఏం ఆగుతుంది? పైగా ఎగిరిన రాయి పక్కింటివాళ్ల నెత్తిన పడుతుంది.

పెద్ద కట్టడాలకూ ఇదే నీతి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ విమానాశ్రయం కప్పునే చీల్చేసింది. ఆడి గాలి అంత ఉధృతం కాకపోవచ్చు. కానీ ఏటా రేకును ఊపి ఊపి హుక్కులు వదులు చేస్తుంది. చివరకు ఓ వేసవి గాలివాన వచ్చి పని పూర్తి చేస్తుంది. ‘ఇరవై ఏళ్లుగా నిలిచింది, ఏం కాదులే’ అనే మాటకు అర్థం లేనిది ఇందుకే.

చేయాల్సింది పెద్ద ఖర్చు పని కాదు. రేకును వాసానికి, వాసాన్ని దూలానికి, దూలాన్ని గోడకు, గోడను పునాదికి కట్టిపడేయాలి. ఈ గొలుసులో ఒక్క లంకె తెగినా మిగతావి దండగ. మూలల్లో, చూరు అంచున, కొప్పు దగ్గర లాగుడు ఎక్కువ కాబట్టి హుక్కులు దగ్గర దగ్గరగా వేయాలి. తుప్పు పట్టినవి ఆడికి ముందే మార్చాలి. గాలి మొదలైతే గాలివైపు తలుపులు మూయాలి.

పేరూరాట్చి కూడా ప్లాను కాగితంలో గది కొలతలు చూసి ఊరుకోకూడదు. కప్పును పైకి లాగే బలమెంత, దాన్ని పట్టే బోల్టులెన్ని అని ఒక్క వరుస రాయించాలి. బడి, అంగన్‌వాడీ, కూలీలు పనిచేసే షెడ్లతో మొదలుపెట్టాలి. కప్పు కింద ఉండేది పిల్లలు. వాళ్ల ప్రాణాన్ని ఇటుక రాయి మీద పెట్టలేం కదా!