పేరు లేని తుప్పు

ఇనుముకు తుప్పు, రాగికి చిలుము. లోహాలకు వచ్చే జబ్బులకు మన భాషలో పేర్లున్నవి. కాని న్యూట్రానుల దెబ్బలు తిన్న లోహానికి వచ్చే జబ్బుకు మాత్రం మన నిఘంటువులలో మాట దొరకదు. ఆ జబ్బుతో పోరాడవలసిన గొట్టాలు పుట్టేది మాత్రం మన పొరుగుననే!

ఉప్పలులో బస్సెక్కి, నాచారం, మల్లాపురం దాటి ఇ.సి.ఐ.ఎల్. వైపు పోతే పెద్ద ప్రహరీ కనిపిస్తుంది. 1971లో వెలసిన న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్సు అది. "అక్కడ అణువులను బద్దలు కొడతారటగా మాష్టారూ, మన గిన్నెలు పాడవవు గదా?" అని నాచారంలో ఒక ఇల్లాలు అడిగారు. లేదమ్మా, అక్కడ రియాక్టరు లేదు. గిన్నెలకు గార పట్టించేది మన బోరునీళ్లే. సముద్రతీరపు ఇసుక నుంచి వచ్చిన జిర్కోనియంతో సన్నని గొట్టాలు చేసి, యురేనియం బిళ్లలు నింపి, కట్టలుగా కూర్చి రియాక్టర్లకు పంపుతారు. ఆ కట్టలు కూర్చుండే పెద్ద పీడన గొట్టాలూ ఇక్కడివే. కట్టలు కొంతకాలానికి బయటపడతాయి. పీడన గొట్టాలు ఏళ్ల తరబడి లోపలే కాపురముండాలి.

జిర్కోనియమే ఎందుకంటే, అది న్యూట్రానులను దాదాపు మింగదు. మింగకపోయినా దెబ్బలు తప్పవు. స్ట్రైకరు తగిలిన క్యారమ్సు కాయల వలె పరమాణువులు చెదురుతాయి. చాలామటుకు తిరిగి సర్దుకుంటాయి, కొన్ని సర్దుకోవు. క్రమేణా లోహం గట్టిపడి పెళుసెక్కుతుంది, గొట్టం పొడవూ సాగుతుంది. వికిరణం నీటిని సైతం విడగొట్టి, లోహాన్ని కొరికే హైడ్రోజన్ పెరాక్సైడు వంటివి పుట్టిస్తుంది. నీరు తగిలి పైపొర ఆక్సైడుగా మారేటప్పుడు వెలువడే హైడ్రోజనులో కొంత లోహంలోకే దూరుతుంది. ఇంటిదొంగ! చల్లనిచోట చేరి గడ్డకడుతుంది, అక్కడే చీలిక.

1983 ఆగస్టు 1న కెనడాలోని పికరింగు కేంద్రంలో ఒక పీడన గొట్టం సుమారు రెండు మీటర్ల మేర చీలింది. దానినీ, బయటి చల్లని గొట్టాన్నీ ఎడంగా ఉంచవలసిన స్ప్రింగులు జరిగిపోయి, రెండూ ఆనుకున్నవి. మన రాజస్థాన్ రెండవ రియాక్టరులోనూ అదే రకం లోహం. 1990ల చివరిలో దాని 306 గొట్టాలనూ మార్చివేశారు. నూటికి రెండున్నర పాళ్లు నియోబియం కలిపిన కొత్త గొట్టాలు ఇక్కడ తయారైనవే. అవి హైడ్రోజనును తక్కువగా పీలుస్తాయి. స్ప్రింగులు కూడా జరగకుండా బిగువైనవి వేశారు. అయినా నమ్మి ఊరుకోరు. అన్నం ఉడికిందో లేదో మెతుకు పట్టి చూసినట్లు, గొట్టం లోపలి గోడ నుంచి పలుచని చెక్కు గీకి తీసి, హైడ్రోజను ఎంత చేరిందో పరీక్షిస్తూ ఉంటారు.