కాయితం వాళ్లది, తీగె మాది

ఈ మధ్య హైదరాబాద్‌లో ఒక పెద్ద హోటల్లో నగల ప్రదర్శన జరిగితే వెళ్లి చూశాం. కొనడానికి కాదు, అంత తాహతు మాకెక్కడిది! పెద్ద కంపెనీల షోరూములు కావవి. ఎవరికి వారే బొమ్మ గీసుకుని, చేతితో చేయించుకుని, సొంత పేరు మీద అమ్ముకునే డిజైనర్ల స్టాళ్లు. ఒకచోట వెండి తీగెతో అల్లిన చెవి కమ్మల జత దగ్గర ఆగిపోయాం. వెంట్రుకంత సన్నని తీగె చుట్లు చుట్లుగా తిరిగి నెమలి పింఛం లెక్క విచ్చుకుని ఉంది. పక్కన చిన్న కార్డు. దాని మీద డిజైనర్ పేరు, చదివిన కాలేజీ పేరు, కింద 'దక్కన్ కళల ప్రేరణతో' అని ఒక ముక్క.

దక్కన్ అంటే ఎక్కడ? బీదరా, ఔరంగాబాదా, గోల్కొండా? స్టాల్లో ఉన్న అమ్మాయిని అడిగితే దాపరికం లేకుండానే చెప్పింది, కరీంనగర్‌లో చేయించామని. మరి కార్డు మీద కరీంనగర్ ఎందుకు లేదమ్మా అంటే నవ్వి ఊరుకుంది.

ఆ నవ్వు మమ్మల్ని ఊరుకోనివ్వలేదు. మన ఊరి పేరు లేకుండా మన సరుకు అమ్ముడుపోవడం ఈ గడ్డకు కొత్తేం కాదు. ఆ పేరు కోసమే కదా ఇన్నేళ్లు కొట్లాడింది. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. కానీ పేరు రావలసిన చోట్లు ఇంకా చాలా మిగిలిపోయాయి. ఒక జత కమ్మలు కూడా అట్లాంటి చోటే.

కరీంనగర్ వెండి తీగె పనిని ఇంగ్లీషోళ్ల మాటతో ఫిలిగ్రీ అంటున్నారు. ఈ పని పుట్టిల్లు ఎలగందుల. ఒకప్పుడు జిల్లా కేంద్రం అదే. 20వ శతాబ్దం మొదట్లో కేంద్రం కరీంనగర్‌కు మారితే పనివాళ్లు కూడా మూటాముల్లె సర్దుకుని అటే నడిచారు. దొరల ఇండ్లకు, నవాబుల దేవిడీలకు అత్తరుదానులు, పాన్‌దాన్లు, గులాబీ నీళ్ల బుడ్లు చేసిపెట్టిన చేతులవి.

పని ఎట్లా జరుగుతుందో చూసినవాళ్లకే దాని గోస తెలుస్తుంది. మూసలో వెండి కరిగించి కడ్డీ పోస్తారు. ఆ కడ్డీని సాగగొట్టి కమ్మెచ్చు చిల్లుల్లో నుంచి లాగుతారు. ఒక చిల్లు తర్వాత ఇంకా చిన్న చిల్లు, దాని తర్వాత మరీ చిన్నది. మధ్యమధ్య కుంపట్లో కాల్చి మెత్తబరచకపోతే తీగె పుటుక్కున తెగుతుంది. అట్లా తీసిన సన్న తీగెలు రెండింటిని పురిపెట్టి, ఆ పురిని అదిమి చదును చేస్తారు. అందుకే దగ్గరగా చూస్తే తీగె అంచు వెంట గింజలు కుట్టినట్టు మెరుస్తుంది. ముందు మందపు తీగెతో ఆకారం కట్టుకుంటారు. ఆకయితే ఆకు, పక్షయితే పక్షి. దాని కడుపులో ఈ సన్న తీగెను పట్టకారుతో చుట్టి, వంచి, ఒక్కో చుట్టూ పక్కదానికి ఒరిగేలా కూరుతారు. ఖాళీ ఉండకూడదు, కిక్కిరియకూడదు. ఆ మీద వెలిగారం, టంకం పొడి చల్లి మంట ఊదుతారు. అసలు గండం అక్కడే. మంట ఒక్క గడియ ఎక్కువయితే సన్న తీగె కరిగి ముద్దవుతుంది, తక్కువయితే అతుకు పట్టదు. రెండు రోజుల కష్టం ఒక్క ఊదుడులో పోవచ్చు.

కరీంనగర్‌లో ఒక పెద్దమనిషి దగ్గర కూర్చున్నప్పుడు ఆయన ముందు ఒక బొమ్మ గీసిన కాయితం ఉంది, హైదరాబాద్ నుంచి వచ్చింది. పువ్వు బాగుంది. కానీ రేకులు మరీ దగ్గరగా ఉన్నాయి, అట్లనే చేస్తే మంటకు ఒకదానికొకటి అంటుకుంటాయట. ఆయన తనే రేకుల సంఖ్య తగ్గించి, మధ్యలో ఒక చుట్టు పెట్టి, ఆకారం నిలబెట్టాడు. "డిజైన్ ఎవరిదే పెద్దన్నా?" అని అడిగాం. "కాయితం వాళ్లది, తీగె మాది" అన్నాడు. కోపంగా అనలేదు, ఉన్నమాట అన్నట్టే అన్నాడు. సరుకు హైదరాబాద్ చేరినంక కార్డు మీద మిగిలేది మాత్రం కాయితం ఒక్కటే.

ఇక్కడ మేము డిజైనర్లను తిట్టడానికి కూర్చోలేదు. వాళ్లలో చాలామంది మన ఆడబిడ్డలే. బ్యాంకు అప్పు తెచ్చో, ఇంట్లో బంగారం కుదువబెట్టో, పెద్ద దుకాణాల పోటీకి ఎదురు నిలబడ్డవాళ్లు. మిషను మీద వేలకొద్దీ ఒకే అచ్చుతో దిగే నగల మధ్య చేతిపనిని నమ్ముకోవడం తెగువే. పాత జుంకాకు బరువు తగ్గించి ఈనాటి పిల్ల ఆఫీసుకు పెట్టుకుని పోయేటట్టు మార్చడం తెలివైన పని, దాన్ని కాదనలేం. అత్తరుదాను కొనే నవాబులు లేని కాలంలో ఆ తీగెకు కొత్త గిరాకీ తెచ్చిందీ కొంతవరకు వీళ్లే. వాళ్ల గీతకు వాళ్ల పేరు ఉండాల్సిందే. మా పంచాయితీ అంతా 'ప్రేరణ' అనే మాటతోనే.

చచ్చిపోయిన కళ నుంచి, కూలిపోయిన కోట గోడ నుంచి ప్రేరణ పొందొచ్చు. బతికి ఉండి, కుంపటి ముందు కూర్చుని, మీ నగను తన చేత్తో చేసి ఇచ్చిన మనిషిని ప్రేరణ అనడమేంది? ఆయన పనిలో పాలివాడు. పాలివాడికి పేరుంటది, వాటా ఉంటది. ప్రేరణకు రెండూ ఉండవు. ఆ మాట అంత ముద్దుగా చెలామణి కావడానికి కారణం అదే.

చట్టం లేదా అంటే ఉంది. కరీంనగర్ వెండి ఫిలిగ్రీకి 2007లోనే భౌగోళిక గుర్తింపు వచ్చింది. పేపర్లలో ఫొటోలు పడ్డాయి, మేమూ సంబురపడ్డాం. తీరా చూస్తే ఆ చట్టం కాపాడేది పేరును. కరీంనగర్ ఫిలిగ్రీ అని చెప్పి ఎక్కడో చేసిన దొంగ సరుకు అమ్మితే పట్టుకోవచ్చు. మరి కరీంనగర్ పేరే ఎత్తకుండా కరీంనగర్ సరుకు అమ్మితే? 'దక్కన్ ప్రేరణ' అని కార్డు పెడితే? చట్టం చేతులు కట్టుకుని నిలబడుతుంది. అంటే పేరు చెప్పకపోవడమే అన్నిటికన్నా సురక్షితమైన తోవ అయి కూర్చుంది!

ఇది మన ఒక్కళ్ల గోస కూడా కాదు. 2025 జూన్‌లో ఇటలీలోని మిలాన్‌లో ప్రాడా కంపెనీ తన ఫ్యాషన్ షోలో కొల్హాపురీ చెప్పులను పోలిన చెప్పులు నడిపించింది. ఎక్కడివో చెప్పలేదు. మహారాష్ట్రలో లొల్లి అయినంకనే అవి భారతీయ చేతిపని నుంచి ప్రేరణ పొందినవని ఒప్పుకున్నది. ఆ చెప్పులకూ 2019 నుంచి భౌగోళిక గుర్తింపు ఉంది. గుర్తింపు పని చేయలేదు, లొల్లి పని చేసింది. ఈ సంగతి ఉద్యమాలు చేసినవాళ్లకు వేరే చెప్పాలా?

ఇంకో చట్టం డిజైన్లది, 2000 సంవత్సరం నాటిది. కొత్త ఆకారం గీసినవాళ్లు రిజిస్టరు చేసుకుంటే పదేళ్లు, పొడిగిస్తే మరో ఐదేళ్లు హక్కు. మంచిదే. కానీ అది కొత్తదై ఉండాలి. తాత ముత్తాతల నుంచి చేస్తున్న మామిడి పిందె కొత్తది కాదు కాబట్టి పనివాడు దాన్ని రిజిస్టరు చేయలేడు. అదే పిందెను కొంచెం వంచి గీసినవాళ్లు ఆ వంపును కొత్తదని చెప్పి హక్కు అడగొచ్చు.

బంగారం సంగతీ అంతే. 2021 జూన్ నుంచి హాల్‌మార్క్ తప్పనిసరి చేయడం మొదలుపెట్టారు. ఇప్పుడు నగ మీద మూడు గుర్తులుంటాయి: బీఐఎస్ ముద్ర, స్వచ్ఛత, ఆరు అక్షరాల అంకెల హెచ్‌యూఐడీ నంబరు. ఆ నంబరు కొట్టి చూస్తే అమ్మిన వ్యాపారి ఎవరో, పరీక్ష చేసిన కేంద్రం ఏదో తెలుస్తుంది. చేసిన అవుసులాయన ఎవరో తెలియదు. లోహానికి పుట్టుపూర్వోత్తరాలు దొరుకుతాయి, చేతికి దొరకవు. లండన్‌లో మాస్టర్ కంసాలి ఒక్కొక్కరికీ సొంత ముద్ర ఉండాలని 1363లోనే శాసనం చేశారు. అక్కడ ఒంటరిగా పనిచేసే చిన్న డిజైనర్ కూడా నేటికీ తన గుర్తును పరీక్షా కార్యాలయంలో నమోదు చేసుకుంటాడు. అమెరికాలో ఆదివాసులు చేయని సరుకును ఆదివాసుల సరుకని అమ్మితే జైలు, జరిమానా అని 1990లో చట్టమే తెచ్చారు. మన దగ్గర హాల్‌మార్క్‌లో చేసిన చేతికి గుర్తు లేదు.

మన నిజాం నగలే చూడండి. 173 నగలను కేంద్రం 1995లో 218 కోట్లకు కొన్నది. హైదరాబాద్‌కు 2001లో, 2006లో తెచ్చి చూపించారు. జనం వరసలు కట్టి చూశారు. ఏ రాయి ఎన్ని క్యారెట్లో, ఏ నవాబు తొడుక్కున్నాడో అందరూ చెప్తారు. ఆ రాళ్లను పొదిగిన చేతుల సంగతి ఎవరూ ఎత్తరు. అవి రిజర్వ్ బ్యాంకు ఖజానాలో ఉండొద్దు, హైదరాబాద్‌కే ఇయ్యాలని మనం అడుగుతున్నాం, అడగాల్సిందే. అయితే చేసినవాళ్ల ఊసు మన నోట కూడా ఎప్పుడూ రాలేదు.

లంబాడీ తండాల కథ దీనికన్నా చేదు. అక్కడ పనివాడి పేరే కాదు, నగ కూడా పోయింది. మెడలో హాసలి, జుట్టుకు వేలాడే టోప్లి, నాణేలు గుచ్చిన దండ, కరువొచ్చిన ఏడు ఒక్కొక్కటీ పట్నం దుకాణానికి నడిచాయి. దుకాణాదారు తూకం చూశాడు, పనితనం చూడలేదు. ఇప్పుడు వాటికే 'ట్రైబల్ లుక్' అని పేరు పెట్టి గాజు అద్దాల వెనుక నిలబెడుతున్నారు.

ఇగ పైసల ముచ్చట. పేరు సంగతి తర్వాత, ముందు కడుపు నిండాలి కదా అనేవాళ్లున్నారు. రెండూ ఒకటే అంటున్నాం మేము. 2025 మొదట్లో కిలో వెండి 90 వేల అటూఇటూ ఉంది. డిసెంబరులో 2 లక్షలు దాటింది. చేతిలో కిలో వెండి పెట్టుకుని తన సొంత సరుకు చేసుకోవాలనుకున్న పనివాడి నడుము అక్కడే విరిగింది. కేంద్రం 2023 సెప్టెంబర్ 17న పీఎం విశ్వకర్మ అని పథకం పెట్టింది. (సెప్టెంబర్ 17 అంటే మనకు ఇంకో కథ, అది ఇప్పుడు వద్దు.) అందులో స్వర్ణకారులకు మొదటి విడత అప్పు లక్ష రూపాయలు. ఆ ధరకు అరకిలో వెండి కూడా రాదు. కాబట్టి వెండి ఎవరు ఇస్తే వాళ్ల కైకిలి చేయాలి. మజూరి గ్రాము లెక్కన. ఫిలిగ్రీలో పనితనం పెరిగినకొద్దీ తీగె సన్నబడుతుంది, తీగె సన్నబడితే బరువు తగ్గుతుంది, బరువు తగ్గితే మజూరి తగ్గుతుంది! పనిమంతుడికి ఇంత శిక్ష వేసే లెక్క ఇంకెక్కడన్నా ఉందా? డిజైనర్ స్వతంత్రుడు అంటున్నామంటే వెండి ఆయనది, కాయితం ఆయనది, కార్డు ఆయనది కాబట్టే. పనివాడికి స్వతంత్రం రావాలంటే అందులో ఒక్కటన్నా ఆయన చేతికి రావాలి. ఖర్చు లేకుండా ముందు వచ్చేది కార్డు మీద పేరే.

పేరు చెబితే కొనేవాళ్లు రేపు నేరుగా కరీంనగర్ పోతారు, మా వ్యాపారం ఏం కావాలి అని ఒక డిజైనర్ మాతో అన్నారు. భయం అర్థమయింది. కానీ విడిపోతే మీరు బతకలేరు, మేము బతకలేమనే మాటలు విని విని వచ్చినవాళ్లం. డిజైనర్ గీత నచ్చి వచ్చినవాళ్లు డిజైనర్ దగ్గరికే వస్తారు. నచ్చింది తీగె అయితే, ఆ తీగె ఎవరిదో తెలుసుకునే హక్కు కొన్నవాళ్లకుంది. గ్రాము లెక్క పక్కనబెట్టి పని లెక్కన మజూరి కట్టి, అమ్ముడైన ప్రతి జత మీద కొంత భాగం పనివాడికి రాసిస్తే, కార్డు మీద ఇద్దరి పేర్లు, ఊరి పేరు వేస్తే నష్టం ఎవరికి? కరీంనగర్ కళాకారుల సంఘం కూడా ప్రతి పనివాడినీ భౌగోళిక గుర్తింపు కింద అధీకృత వినియోగదారుగా నమోదు చేయించాలి. పాత బొమ్మలన్నిటినీ ఒక పుస్తకంగా అచ్చు వేసి పెట్టాలి. రేపు ఎవరైనా ఇది కొత్త ఆకారమని రిజిస్ట్రారు ముందుకు పోతే, కాదు, మా దగ్గర ముందే ఉంది అని చూపించడానికి ఆ పుస్తకం రుజువవుతుంది.

ఇంత రాశాక మా సంగతి కూడా చెప్పుకోవాలి. ఉద్యమంలో ఉన్నప్పుడూ, తర్వాతా మేము సభలు పెట్టాం, పెద్దలకు జ్ఞాపికలిచ్చాం. అందులో కరీంనగర్ వెండి తీగె తోరణాలు, వీణలు ఎన్నో. మా అస్తిత్వం ఇదీ అని మైకులో గొప్పగా చెప్పాం. మా ఉద్యమానికి దిక్సూచి అయిన జయశంకర్ సారు కూడా విశ్వబ్రాహ్మణ ఇంట్లో పుట్టినవారే. అయినా ఆ కులవృత్తి చేతులను ఒక్కసారి స్టేజీ మీదికి పిలవాలన్న సోయి మాకు లేకపోయింది.

మా గదిలో అట్లాంటి తోరణం ఒకటి ఉంది. మొన్న గాజు పెట్టె తీసి వెనక్కి తిప్పి చూశాం. అట్ట మీద సభ పేరు, తేదీ, దాత పేరు ఉన్నాయి. జ్ఞాపికలకు ఆర్డరు ఇచ్చిన మిత్రుడికి ఫోన్ చేసి, చేసిందెవరని అడిగాం. బిల్లు దొరుకుతుందేమో చూస్తానన్నాడు. ఇంకా దొరకలేదు.