కోర్లు లెక్కపెట్టే ముందు కాంటా కాడ లైన్ చూడండి

కొత్త ఫోన్ లాంచ్ అయితే మనం ముందు అడిగేది “ఎన్ని కోర్లు?” అనే. ఆక్టా-కోర్ అంటే చాలు, సగం మార్కులు వేసేస్తాం. అదే లెక్క డేటాబేస్ సర్వర్‌కు పెడితే మాత్రం వేరేవాళ్ల పైసలు పోతాయి. నేను పోగొట్టిన కాబట్టి చెప్తున్నా.

నాది కరీంనగర్. బీటెక్ అయ్యాక ఇక్కడే ఒక చిన్న కంపెనీలో చేస్తున్నా. ఆదిలాబాద్ వైపు ఒక జిన్నింగ్ మిల్లులో మేం రాసిన బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ నడుస్తుంది. పత్తి సీజన్‌లో తూకం అయ్యాక తక్‌పట్టీ ప్రింట్ కావడానికి నిమిషాలు పడుతోందని ఫోన్ వచ్చింది. నేను సరిగ్గా చూడకుండానే “8 కోర్లు సరిపోవట్లే సేట్, 32 కోర్ల సర్వర్ తీసుకోండి” అన్నా. తీసుకున్నరు. పోస్ట్‌గ్రెస్‌లో మాక్స్ కనెక్షన్స్ డీఫాల్ట్‌గా 100 ఉంటే 500 చేసిన.

మళ్లీ అదే కథ. రాత్రి చలిలో రైతులు ట్రాలీల మీదే కూర్చున్నరు. “తమ్మీ, గిన్ని పైసలు పెట్టిస్తివి, మరి గిదేంది?” అని సేటు అడిగితే నా దగ్గర జవాబు లేదు.

ముందే చూడాల్సింది అప్పుడు చూసిన. సీపీయూ దాదాపు ఖాళీ. పీజీ స్టాట్ యాక్టివిటీలో మాత్రం కనెక్షన్లన్నీ లాక్ కోసం వెయిటింగ్. కారణం మా కోడే. బిల్లు నంబర్ ఒక టేబుల్‌లో ఒకే రోలో ఉంటుంది. దాన్ని అప్‌డేట్ చేసి, అదే ట్రాన్సాక్షన్‌లో రైతుకు ఎస్ఎంఎస్ పంపి, గేట్‌వే జవాబు ఇచ్చాకే కమిట్ చేస్తున్నం. అప్పటిదాకా ఆ రో మీద లాక్. అంటే యార్డులో కాంటా ఒక్కటే. హమాలీలు 8 మంది ఉన్నా, 32 మంది ఉన్నా బండి తర్వాత బండే.

ఎస్ఎంఎస్‌ను కమిట్ తర్వాతకు జరిపినం. తక్‌పట్టీ వెంటనే రావడం మొదలైంది. నేను పెంచిన కనెక్షన్లు కూడా తగ్గించి, ముందు పీజీబౌన్సర్ పెట్టినం. పోస్ట్‌గ్రెస్‌లో ప్రతి కనెక్షన్ ఒక ప్రాసెస్. ఎక్కువైతే కోర్ల కోసం కొట్లాటే. కోర్ల సంఖ్యకు రెట్టింపు, దానికి డిస్కులు కలిపి అన్ని యాక్టివ్ కనెక్షన్లతో మొదలుపెట్టమని పోస్ట్‌గ్రెస్ వికీ చెప్తుంది. 8 కోర్లకు అది 20 కూడా దాటదు.

ఇది కొత్త విషయమేం కాదు. జీన్ ఆమ్‌డాల్ 1967లోనే చెప్పిండు: పనిలో పదో వంతు ఒకరి తర్వాత ఒకరు చేయాల్సిందే అయితే, వేల కోర్లు పెట్టినా వేగం 10 రెట్లు దాటదు.

కోర్లు దండగ అనట్లే. ఒకదానితో ఒకటి సంబంధం లేని క్వెరీలు వందలు వస్తే అవి పనికొస్తాయి. సీజన్ మొత్తం లెక్క తీసే పెద్ద రిపోర్టుకూ పనికొస్తాయి. కానీ అక్కడా సెట్టింగ్ చూడాలె. ఒకే క్వెరీని పలు కోర్లకు పంచే సౌకర్యం పోస్ట్‌గ్రెస్‌కు 2016లో 9.6తో వచ్చింది. ఇప్పటికీ డీఫాల్ట్‌గా సాయానికి పిలిచేది 2 వర్కర్లనే. మార్చకపోతే 32 కోర్లలో చాలావరకు ఊరికే కూర్చుంటాయి.

తప్పు మాదేనని సేటుకు చెప్పేసిన. ఆ ఏడాది మెయింటెనెన్స్ చార్జీ తీసుకోలేదు. అందుకే నా మాట ఒక్కటే: సర్వర్ స్లో అనగానే కొటేషన్ అడగకండి. సీపీయూ నిండిందా, డిస్క్ దగ్గర ఆగిందా, లాక్ దగ్గర ఆగిందా చూడండి. పది నిమిషాల పని. నేను ఆ పది నిమిషాలు పెట్టి ఉంటే, రైతులు అన్ని రాత్రులు చలిలో కూర్చునేవాళ్లు కాదు.