ల్యాబ్ సీసా జిమ్ బ్యాగులోకి: ఆకలి సూదుల అసలు సంగతి

‘పరిశోధనకు మాత్రమే, మనుషులు వాడరాదు’. ఆన్‌లైన్‌లో దొరికే జీహెచ్‌ఆర్‌పీ-6, ఇపమోరెలిన్ సీసాల మీద మామూలుగా ఉండే మాట ఇది. అయినా కండల మోజులో ఉన్న కుర్రాళ్లు వీటిని సూదితో ఎక్కించుకుంటున్నారు. ఆ లేబుల్ కాపాడేది అమ్మేవాడిని, కొన్నవాడిని కాదు.

ఇంతకీ ఇవేంటి? మన కడుపులో గ్రెలిన్ అనే హార్మోన్ తయారవుతుంది. భోజనం వేళకు ముందు పెరుగుతుంది, తిన్నాక తగ్గుతుంది. ఇఫ్తార్‌కి ముందు కడుపు నకనకలాడటంలో దీని వంతూ ఉంది. మెదడుకు ఆకలి కబురు పంపడంతో పాటు గ్రోత్ హార్మోన్‌ను కూడా విడుదల చేయిస్తుంది.

విచిత్రం ఏంటంటే, నకలు ముందొచ్చింది, అసలు తర్వాత దొరికింది. అమెరికాలోని టులేన్ యూనివర్సిటీలో సిరిల్ బవర్స్ బృందం గ్రోత్ హార్మోన్‌ను పెంచే చిన్న పెప్టైడ్లను 1980 ప్రాంతంలోనే తయారు చేసింది. జీహెచ్‌ఆర్‌పీ-6లో ఉన్నవి ఆరు అమైనో ఆమ్లాలే. అవి ఒంట్లో ఏ తాళం తీస్తున్నాయో 1996లో తెలిసింది. ఆ తాళానికి అల్లా మన ఒంట్లోనే పెట్టిన చెవి, 28 అమైనో ఆమ్లాల గ్రెలిన్, 1999లో బయటపడింది. జపాన్ శాస్త్రవేత్తలు కోజిమా, కంగావా దాన్ని ఎలుక కడుపులో కనిపెట్టారు.

ఈ పరిశోధన వట్టిది కాదు. క్యాన్సర్‌తో తిండి సహించక చిక్కిపోయేవాళ్ల కోసం అదే తాళం తీసే అనమోరెలిన్ అనే మాత్ర వచ్చింది. పెద్ద ట్రయల్స్‌లో రోగులకు కొవ్వు కాని బరువు పెరిగింది గానీ చేతి పట్టు బలం పెరగలేదు. అందుకే 2017లో యూరప్ ఒప్పుకోలేదు, 2021లో జపాన్ అనుమతించింది. జిమ్ కుర్రాళ్లు చూడాల్సింది ఇదే. డాక్టర్ల నిఘాలో కూడా బరువు వచ్చింది, బలం రాలేదు.

షుగర్ సంగతి ఇంకా పెద్దది. గ్రోత్ హార్మోన్ ఇన్సులిన్‌కు ఎదురు పనిచేస్తుంది. అమ్మీకో అబ్బాకో షుగర్ ఉన్న ఇంట్లో పిల్లాడికి ఆ ముప్పు ముందే ఎక్కువ. పైగా ఆకలి రెట్టింపై, అర్ధరాత్రి బిర్యానీ పార్సిల్ కూడా తోడవుతుంది! సీసాలో రాసిన మందే ఉందో, ఎంత శుభ్రంగా నింపారో కొన్నవాడికి తెలిసే దారి లేదు. పోటీల్లో ఆడే పిల్లలైతే ఇంకో చిక్కు: ఈ మందులన్నీ ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ నిషేధ జాబితాలో ఉన్నాయి. ‘ట్రైనర్ భాయ్ ఇచ్చాడు’ అంటే అక్కడ వినరు.