ఏ.సి.లో గ్యాసు ఏటేటా ఖర్చయిపోతుందా?

వేసవి ప్రవేశించగానే మన కాలనీలలో తరచుగా వినవచ్చే మాట ఒకటి ఉంది: "ఏ.సి. చల్లబరచడం లేదు, గ్యాసు అయిపోయినట్లుంది." వంటగ్యాసు సిలిండరు వాడినకొద్దీ ఖాళీ అయినట్లే ఏ.సి.లోని గ్యాసు కూడా వాడకంతో తరిగిపోతుందని చాలామంది గృహస్థుల అభిప్రాయం. ఈ అపోహ వల్ల ఎన్నో కుటుంబాలు ఏటేటా అనవసరంగా డబ్బు చెల్లించుకుంటున్నాయి. కనుక ఈ నెల శీర్షికలో ఈ విషయాన్ని పరిశీలిద్దాం.

ఏ.సి.లోని శీతలీకరణ వాయువు మూసివేసిన గొట్టాలలో వలయంగా తిరుగుతుంటుంది. గది లోపలి కాయిల్‌లో అది ద్రవరూపం నుండి ఆవిరిగా మారుతూ గదిలోని వేడిని గ్రహిస్తుంది. కంప్రెసరు ఆ ఆవిరిని అధిక పీడనంతో వెలుపలి కాయిల్‌కు పంపుతుంది. అక్కడ అది తన వేడిని బయటి గాలికి వదలి తిరిగి ద్రవంగా మారుతుంది. ఈ ప్రయాణంలో ఖర్చయ్యేది విద్యుత్తే గాని వాయువు కాదు. అది తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నదని అర్థం. లీకును సరిచేయకుండా గ్యాసు నింపించడం చిల్లికుండలో నీళ్లు పోయడమే.

మరి చల్లదనం తగ్గడానికి కారణమేమి? చాలా సందర్భాలలో గాలి సరిగా ఆడకపోవడమే. సూరత్ జిల్లాలోని పల్సానా వంటి ప్రాంతాలలో నివసించేవారికి ఈ విషయం మరింత ముఖ్యం. పల్సానా, కడోదరా పరిసరాలలో బట్టల మిల్లులు, అద్దకపు కర్మాగారాలు విస్తారంగా ఉన్నాయి. నేతపనికై తెలంగాణ నుండి తరలివచ్చి సూరత్‌లో స్థిరపడిన మన పద్మశాలి కుటుంబాలకు మగ్గాల నుండి రేగే సన్నని నూగు కొత్త కాదు. ఆ నూగు, రహదారి దుమ్ము కలిసి ఫిల్టరు మీద దుప్పటిలా పరచుకుంటాయి.

ఆసక్తికరమైన సంగతి ఏమిటంటే, 'ఎయిర్ కండిషనింగ్' అనే పేరు జౌళి పరిశ్రమ నుండే వచ్చింది. మిల్లుల గాలిలో తేమను అదుపు చేసే పద్ధతికి 1906లో అమెరికా ఇంజనీరు స్టువర్ట్ క్రేమర్ ఆ పేరు పెట్టాడు. అంతకుముందు 1902లో విల్లిస్ క్యారియర్ బ్రూక్లిన్‌లోని ఒక ముద్రణాలయంలో తేమ బెడదను నివారించడానికే తన యంత్రానికి రూపకల్పన చేశాడు. అంటే ఏ.సి. వేడినే కాదు, తేమను కూడా తొలగిస్తుంది. దాని నిర్వహణలో గాలితోపాటు నీటి దారిని కూడా చూసుకోవలసి రావడానికి ఇదే కారణం.

మొదటిది ఫిల్టరు. నెలకొకసారి శుభ్రం చేస్తే చాలునని సాధారణంగా చెబుతారు. కాని మిల్లులకు సమీపంలో ఉన్నవారు పదిహేను రోజులకొకసారి చూసుకోవడం మంచిది. ముందుగా స్విచ్చి ఆపి, ప్లగ్గు తీసి లేక ఎం.సి.బి. దించి, ఫిల్టరును చల్లని నీటితో కడిగి, నీడలో పూర్తిగా ఆరిన పిమ్మటనే తిరిగి అమర్చాలి. మూసుకుపోయిన ఫిల్టరును శుభ్రపరిస్తే విద్యుత్ వినియోగం 5 నుండి 15 శాతం వరకు తగ్గవచ్చునని అమెరికా ఇంధన శాఖ తెలియజేస్తున్నది. కాయిల్‌పై మంచు పేరుకున్నప్పుడు కూడా ముందు చూడవలసినది ఫిల్టరునే. గాలి తగ్గినా, గ్యాసు తగ్గినా మంచు పట్టవచ్చు. యంత్రాన్ని ఆపి, మంచు కరగనిచ్చి, ఫిల్టరు కడిగి, మళ్లీ వేసి చూడండి. అప్పటికీ మంచు పడితేనే మెకానిక్కును పిలవండి.

రెండవది నీటి గొట్టం. వర్షాకాలపు ఉక్కలో గంటకు లీటరు నీరు దిగడం కూడా కద్దు. ఆ గొట్టంలో నాచు, నూగు చేరితే నీరు వెనుకకు తన్ని గోడలు నానిపోతాయి. గొట్టం వంపులు లేకుండా కిందికి వాలుగా ఉండాలి. ఈ నీటిని ఇన్వర్టరు బ్యాటరీలో పోయరాదు. కాయిల్ మీది మలినాలు అందులో కలసి ఉంటాయి.

మూడవది వెలుపలి యూనిట్. దాని ముందు సామాను, ఆరవేసిన బట్టలు అడ్డుగా ఉండకూడదు. మూత విప్పే పని మాత్రం గృహస్థులు పెట్టుకోకూడదు. విద్యుత్ సరఫరా ఆపిన తర్వాత కూడా కెపాసిటరులో విద్యుదావేశం కొంతసేపు నిలిచి ఉంటుంది.

నిజంగానే గ్యాసు తగ్గితే మెకానిక్కును నాలుగు ప్రశ్నలు అడగండి. లీకు ఎక్కడ? నైట్రోజన్ ఒత్తిడితో, సబ్బు నురుగుతో పరీక్షించారా? వాక్యూమ్ పంపుతో గొట్టాలలోని గాలిని, తేమను తొలగించారా? యంత్రం మీది పట్టీపై సూచించిన రకం గ్యాసునే, సూచించిన బరువు మేరకే తూచి నింపుతున్నారా? పాత యంత్రాలలోని ఆర్-22 ఓజోన్ పొరకు హాని కలిగించేది. 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం మేరకు దాని వాడకాన్ని క్రమంగా తొలగిస్తున్నారు. కొత్త యంత్రాలలోని ఆర్-32కు కొంతమేర, ఆర్-290కు తీవ్రంగా మండే గుణం ఉంది. లీకు అనుమానం కలిగినప్పుడు కిటికీలు తెరచి, దగ్గరలో మంట, అగరువత్తి లేకుండా చూడాలి.

ఇంకొక మాట. కర్మాగారంలో ఎత్తున పని చేయవలసి వస్తే సేఫ్టీ బెల్టు లేనిదే మనం పైకి ఎక్కం, ఎవరినీ ఎక్కనివ్వం. అదే మన ఇంటి మూడవ అంతస్తు కిటికీ అంచున నిలబడి యూనిట్ కడుగుతున్న కుర్రవాని నడుముకు తాడు ఉందో లేదో ఎందరం చూస్తున్నాం? అతనికి కూడా ఇంటివద్ద ఎదురుచూసే తల్లిదండ్రులు, భార్యాబిడ్డలు ఉంటారు. బెల్టు లేకుండా వస్తే పనిని మరునాటికి వాయిదా వేయించండి. ఒక రాత్రి ఉక్కపోత మనం భరించలేనిది కాదు.

చివరగా, 2020 జనవరి నుండి గది ఏ.సి.లు 24 డిగ్రీల సెల్సియస్ వద్ద మొదలయ్యేలా తయారు కావాలని కేంద్ర ప్రభుత్వం నిర్దేశించింది. ఆ అంకెను 18కి దించినంత మాత్రాన గది త్వరగా చల్లబడదు, యంత్రం ఎక్కువసేపు పనిచేస్తుందంతే. ఈ ఆదివారం పావుగంట సమయం కేటాయించి ఫిల్టరును కడిగి చూడండి. గ్యాసు నింపించాలనుకున్న ఖర్చు అక్కడితోనే తప్పిపోవచ్చు.