షుగరు మాత్రలు ఇచ్చే చోటే కంటి ఫోటో తీయాలి

షుగరు ఉన్న అన్నదమ్ములకూ అక్కచెల్లెళ్ళకూ, వాళ్ళ ఇంట్లోవాళ్ళకూ, సర్పంచులకూ, పీహెచ్‌సీ డాక్టర్లకూ, ఓట్లు అడగడానికి వచ్చే నాయకులకూ ఈ కరపత్రం.

మేము అడుగుతున్నది ఒక్కటే. నెలనెలా షుగరు మాత్రలు ఎక్కడ ఇస్తున్నారో అక్కడే, షుగరు ఉన్న ప్రతి మనిషికీ ఏడాదికొకసారి కంటి లోపలి పొర ఫోటో తీయాలి. ఆ ఫోటోలో తేడా కనబడినవాళ్ళకు వైద్యం అందిందో లేదో కూడా ఆ ఆసుపత్రే చూసుకోవాలి. దీనికి కొత్త పథకం పేరు అక్కర్లేదు, కొత్త భవనం అక్కర్లేదు, రిబ్బను కత్తిరింపు అసలే అక్కర్లేదు.

కంటి వెనక గోడకు అంటుకుని రెటీనా అనే పలచని పొర ఉంటుంది. మనం చూసే బొమ్మ పడేది దానిమీదే. దానికి నెత్తురు అందించే నాళాలు వెంట్రుకకన్నా సన్నం. ఏళ్ళ తరబడి నెత్తుట్లో చక్కెర ఎక్కువగా ఉంటే ఆ నాళాల గోడలు బలహీనపడి అక్కడక్కడా ఉబ్బుతాయి, లోపలి నీరూ కొవ్వూ బయటికి ఊరతాయి. ఆ ఊట రెటీనా నడిమధ్యకు చేరితే అక్షరం, సూది బెజ్జం, ఎదుటి మనిషి ముఖం మసకబారతాయి. కొన్ని నాళాలు పూడుకుపోతాయి. నెత్తురు అందని చోట రెటీనా కొత్త నాళాలను పుట్టిస్తుంది. అవి నాసిరకం, ఇట్టే చిట్లుతాయి. చిట్లిన నాడు కన్నంతా నెత్తురు కమ్ముకుంటుంది. రాత్రి చూపు బాగుండి పడుకున్న మనిషికి తెల్లారేసరికి ఆ కంటిముందు నల్లటి తెర. అంతకుముందు నొప్పి లేదు, కన్ను ఎర్రబడలేదు, నీరు కారలేదు. ముందురోజు అక్షరాల చార్టు చూపిస్తే ఆఖరి వరుసదాకా చదివి ఉండేవాడు కూడా.

కాబట్టి "నాకు బాగానే కనబడుతోంది" అన్న మాటను ఈ జబ్బు విషయంలో నమ్మడానికి లేదు. ఆ మాట అన్నది రోగి అయినా సరే, రోగిని చూసిన డాక్టరయినా సరే.

ఇంకో మాట తరచుగా వింటుంటాం. "కంటి పరీక్ష మొన్ననే అయిందండీ, కొత్త అద్దాలు కూడా ఇచ్చారు." అద్దాల షాపులో గడ్డం ఆనించి చూసే ఆ కంప్యూటర్ పరీక్ష కొలిచేది అద్దాల పవరు. రెటీనా ఎలా ఉందో అది చెప్పదు. చార్టు చదివించడమూ చెప్పదు. కంట్లో చుక్కల మందు వేసి డాక్టరు లోపలికి చూడాలి, లేదా ఫండస్ కెమెరాతో లోపలి పొరను ఫోటో తీయాలి. ఈ రెండింటిలో ఒకటి జరగకపోతే షుగరు మనిషికి కంటి పరీక్ష జరగనట్టే. పైగా కొత్త అద్దాలు వచ్చాయన్న ధీమాతో ఇంకో రెండేళ్ళు ఎటూ వెళ్ళరు. పరీక్షే చేయించుకోనివాళ్ళకన్నా సగం పరీక్ష చేయించుకున్నవాళ్ళ గురించే మాకు బెంగ ఎక్కువ.

మసక మొదలయ్యాక కూడా మన ఊళ్ళలో మొదట అనుకునేది శుక్లం పొర వచ్చిందనే. "కోతలయ్యాక చూపించుకుందాంలే" అంటారు. శుక్లమైతే సాధారణంగా ఒక కారు ఆగినా ఫర్వాలేదు, ఆపరేషన్ చేస్తే చూపు తిరిగి వస్తుంది. రెటీనా అలా ఆగదు, అక్కడ పోయిన చూపు చాలావరకు తిరిగి రాదు. ఆకు పసర్లూ, బస్టాండులో అమ్మే చుక్కలూ అక్కడిదాకా చేరవు. వాటివల్ల కంటి పైపొర మీద పుండు పడితే అది అదనపు నష్టం.

ఇప్పుడు లెక్కలు. 2023లో వెలువడిన ఐసీఎంఆర్ అధ్యయనం ప్రకారం మన దేశంలో షుగరు ఉన్నవాళ్ళు 10 కోట్ల పైమాటే. 2015 నుంచి 2019 వరకు ఢిల్లీ ఎయిమ్స్ వారు 50 ఏళ్ళు దాటినవాళ్ళలో జాతీయ సర్వే చేశారు. షుగరు ఉన్నవాళ్ళలో 16.9 శాతం మందికి రెటీనా దెబ్బతినడం మొదలైంది. 3.6 శాతం మంది చూపు పోయే దశలో ఉన్నారు. తమకు షుగరు ఉందని తెలిసినవాళ్ళలో కూడా పదిమందికి తొమ్మిదిమంది ఈ పరీక్ష ఒక్కసారీ చేయించుకోలేదు. మాత్రలు వాడుతున్నారు, నెలకోసారి వేలు గుచ్చి షుగరు చూపించుకుంటున్నారు. కన్ను గురించి మాత్రం వాళ్ళకు ఎవరూ చెప్పలేదు.

మన రాష్ట్రాలకు కంటి పరీక్షలు కొత్తేమీ కాదు. తెలంగాణలో కంటి వెలుగు పేరిట పరీక్షా శిబిరాలు 2018 ఆగస్టు 15న మెదక్ జిల్లా మల్కాపూర్‌లో మొదలయ్యాయి. రెండో విడత 2023 జనవరి 18న ఖమ్మంలో మొదలైంది. ఒక్కో విడతలో కోటిన్నర మందికి పైగా పరీక్ష చేశారు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు 10న అనంతపురంలో వైఎస్సార్ కంటి వెలుగు మొదలుపెట్టి ముందు బడిపిల్లల్ని చూశారు. ఊరూరికీ వెళ్ళడం మన ప్రభుత్వాలకు చేతకాదన్న వాదన అక్కడితో తేలిపోయింది. ఆ మేలును మేము కాదనడం లేదు. చత్వారం అద్దాలు వచ్చాక బియ్యంలో రాళ్ళు ఏరుకోగలుగుతున్న అవ్వలు ఎందరో ఉన్నారు. అయితే ఆ శిబిరాల ప్రధాన లక్ష్యం అద్దాలు, శుక్లాలు. అద్దాలకూ శుక్లాలకూ శిబిరం సరిపోతుంది. షుగరు కంటికి సరిపోదు, ఎందుకంటే ఈ ఏడు బాగున్న రెటీనా వచ్చే ఏడు బాగుంటుందన్న హామీ లేదు. ప్రభుత్వం మారితే పేరు మారిపోయే శిబిరానికి, బతికినంతకాలం ఉండే జబ్బును అప్పగించలేం.

శిబిరం కాకపోతే మరెక్కడ? షుగరు మనిషి ఎటూ తప్పకుండా వచ్చే చోటు ఒకటి ఉంది. పీహెచ్‌సీ, పల్లె దవాఖానా, బస్తీ దవాఖానా, 104 బండి. పేరేదైనా మాత్రలు అందే చోటు అది. 30 ఏళ్ళు దాటినవాళ్ళ వివరాలు ఆశా కార్యకర్త ఇప్పటికే ఇంటింటికీ తిరిగి రాసుకుంటోంది. ఎవరికి బీపీ, ఎవరికి షుగరు అన్న జాబితా ఏఎన్‌ఎం దగ్గర ఉంది. ఆ జాబితాలో "కంటి ఫోటో తేదీ" అని ఒక గడి చేర్చాలి. గడి ఖాళీగా ఉన్నవాళ్ళను పిలవాలి. మేము అడుగుతున్న సంస్కరణలో సగం ఈ గడే.

మిగతా సగం కెమెరా. ఇప్పటి ఫండస్ కెమెరాలు చేతిలో పట్టేంత చిన్నవి, బెంగళూరు కంపెనీలే తయారు చేస్తున్నాయి. చాలామందికి చుక్కలు వేయకుండానే ఫోటో వస్తుంది. తీయడానికి కంటి డాక్టరు అక్కర్లేదు. కేరళలో నయనామృతం పేరుతో కుటుంబ ఆరోగ్య కేంద్రాల్లో నర్సులకు శిక్షణ ఇచ్చి తీయిస్తున్నారు. 1987లో హైదరాబాదులో మొదలైన ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి, పల్లెల్లోని తన విజన్ సెంటర్లకు ఊరి పిల్లల్నే ఏడాదిపాటు తీర్చిదిద్ది పంపింది. ఫోటోను జిల్లా కేంద్రంలోని కంటి డాక్టరు తన చోట కూర్చునే చూసి చెప్పవచ్చు. కంప్యూటర్ చేత తొలి వడపోత చేయించవచ్చు. మదురై అరవింద్ ఆసుపత్రి, చెన్నై శంకర నేత్రాలయ వంటి చోట్లతో కలిసి గూగుల్ ఇంజినీర్లు తయారు చేసిన పద్ధతి, ఫోటోల్లో జబ్బును కంటి డాక్టర్లకు దీటుగా గుర్తించిందని 2016లోనే ప్రకటించారు.

యంత్రం కొనేస్తే పనైపోయిందనుకునేవాళ్ళు మాత్రం థాయ్‌లాండ్ అనుభవం చూడాలి. అక్కడి క్లినిక్కుల్లో ఆ గూగుల్ పద్ధతినే పెట్టి చూస్తే, తొలి నెలల్లో తీసిన ఫోటోల్లో ఐదింట ఒకటి సరిగా లేదని యంత్రం తిప్పికొట్టింది. గదిలో వెలుతురు ఎక్కువ, నెట్ నెమ్మది, బయట క్యూ పొడుగు. మన పీహెచ్‌సీల్లో ఇవన్నీ జరిగేవే. కాబట్టి కెమెరాతో పాటు నల్లపరదా కట్టిన ఒక చిన్న గది, నిలకడగా ఉండే నెట్, కంటిపాప చిన్నగా ఉన్నవాళ్ళకు వేయడానికి చుక్కల మందు, ఆ పని తన పనిగా చూసుకునే ఒక మనిషి కావాలి. ఆ మనిషికి పది ఇతర డ్యూటీలు అంటగడితే ఆర్నెల్లలో కెమెరా బీరువాలోకి పోతుంది. విదేశాల్లో స్థిరపడి సొంతూరికి ఏదైనా చేయాలనుకునే మన పిల్లలకు కూడా ఇదే మనవి. ఊరి ముఖద్వారం ఆర్చీ కన్నా కెమెరా మంచి ఆలోచనే. కొనే ముందు డాక్టరుతో మాట్లాడి, ఎవరు తీస్తారో, ఎవరు చూస్తారో, ఎక్కడికి పంపుతారో కాగితం మీద రాయించుకోండి.

ఇంగ్లండు ఈ పని 2003లో దేశవ్యాప్తంగా మొదలుపెట్టింది. ఏ ఇంటి డాక్టరు దగ్గర ఏ షుగరు మనిషి ఉన్నాడో జాబితాలు తీసి, 12 ఏళ్ళు దాటిన ప్రతి ఒక్కరికీ ఉత్తరం పంపి పిలిచారు. 2009-10 లెక్కలు తీసేసరికి, పనిచేసే వయసువాళ్ళ అంధత్వానికి షుగరు మొదటి కారణంగా లేకుండా పోయింది. కనీసం యాభై ఏళ్ళలో అలా జరగడం అదే మొదటిసారి. షుగరు వైద్యం మెరుగుపడటం కూడా అందుకు తోడ్పడిందని పరిశోధకులే అన్నారు. వాళ్ళ దగ్గర కెమెరాలు అంతకుముందూ ఉన్నాయి. జాబితా పట్టుకుని ఒక్కొక్కరినీ పిలవడం తర్వాత వచ్చింది.

"ఇలా అందరినీ చూస్తే ఆసుపత్రులు తట్టుకుంటాయా?" అని ఒక డాక్టరుగారు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. ఒక పీహెచ్‌సీ జాబితాలో 1,500 మంది షుగరువాళ్ళు ఉన్నారనుకుందాం. ఏడాదిలో అందరికీ ఫోటో తీయాలంటే నెలకు 125 మంది, పనిదినానికి ఐదుగురు. జాతీయ సర్వే లెక్కన అందులో చూపు పోయే దశలో ఉండేవాళ్ళు 54 మంది. శుక్లం అడ్డువచ్చి ఫోటో సరిగా రానివాళ్ళు ఇంకొందరు ఉంటారు, వాళ్ళనూ పంపాల్సిందే. మిగిలినవాళ్ళెవరూ బస్సెక్కనక్కర్లేదు. ఇప్పుడు జరుగుతున్నది తలకిందుల పని. అవసరం లేనివాళ్ళు మెహదీపట్నం సరోజినీదేవి ఆసుపత్రిలోనో విశాఖ ప్రాంతీయ కంటి ఆసుపత్రిలోనో ఓపీ చీటీ పట్టుకుని నిలబడుతుంటే, త్వరగా వైద్యం అందాల్సిన ఆ 54 మంది ఇంట్లో ఉన్నారు. చుక్కలు వేసిన కళ్ళతో ఒంటరిగా తిరిగి రాలేరు కనుక, పట్నం వెళ్ళే ప్రతి రోగికీ ఇంట్లో ఇంకొకరి కూలి కూడా పోతుంది. ఫోటో ఊళ్ళోనే తీయాలనడానికి ఇది చాలు.

వైద్యం ఉంది. ముదిరిన దశలో సకాలంలో లేజర్ చేస్తే తీవ్రంగా చూపు పోయే ప్రమాదం సగానికి పైగా తగ్గుతుందని 1976లోనే రుజువైంది. రెటీనా మధ్యలో నీరు చేరినవాళ్ళకు కంట్లో ఇంజెక్షన్లు ఉన్నాయి. క్యాన్సరు కోసం తయారైన బెవాసిజుమాబ్‌నే చిన్న మోతాదుల్లో కంటికి వాడతారు, మిగతా మందులకన్నా బాగా చవక. ఒక్క విషయం ముందే చెప్పాలి. లేజర్ ఉన్న చూపును కాపాడుతుంది, పోయినదాన్ని తేదు. ఇది చెప్పకుండా పంపితే, "లేజర్ పెట్టించుకున్నా చూపు పెరగలేదు" అని ఒకరు ఊళ్ళో చెబితే పదిమంది మానేస్తారు. ఇంజెక్షన్ ఒకటితో అయిపోదు, నెలల తరబడి పడుతుంది. కాబట్టి లేజర్ ఎన్ని విడతలైనా, ఇంజెక్షన్లు ఎన్నయినా ఆరోగ్యశ్రీ వంటి ప్రభుత్వ పథకం కింద జేబులోంచి పైసా తీయకుండా అందాలి. వైద్యం చూపించకుండా ఫోటో తీసి జబ్బుందని చెప్పడం మనిషిని భయపెట్టడమే. ఆ 54 మందిలో ఎందరు వెళ్ళారు, ఎందరు మధ్యలో ఆపేశారు అన్న లెక్క ప్రతి నెలా పీహెచ్‌సీ గోడమీద, పేర్లు లేకుండా, అంటించాలి.

షుగరు ఉన్నవాళ్ళు చేయాల్సినవి కొన్ని. పెద్దవయసులో వచ్చే షుగరుకు, బయటపడిన ఏడాదే మొదటి ఫోటో తీయించుకోవాలి, ఎందుకంటే బయటపడేనాటికే అది కొన్నేళ్ళుగా లోపల ఉండి ఉంటుంది. చిన్నతనంలో ఇన్సులిన్ మొదలైనవాళ్ళకు ఐదేళ్ళ తర్వాత నుంచి. ముందే షుగరు ఉన్న అమ్మాయి గర్భవతి అయితే తొలి నెలల్లోనే చూపించాలి, గర్భంతో జబ్బు వేగంగా ముదరవచ్చు. గర్భంలోనే కొత్తగా కనబడిన షుగరుకు ఈ హడావిడి లేదు. బీపీ మాత్ర మానకండి. బీపీని గట్టిగా అదుపులో పెడితే రెటీనా జబ్బు ముదరడం మూడోవంతు తగ్గిందని 1998లో బ్రిటన్ అధ్యయనం తేల్చింది.

ఈసారి మాత్రల కోసం వెళ్ళినప్పుడు చీటీ అందుకుంటూ ఒక్క ప్రశ్న అడగండి: "డాక్టరుగారూ, నా కంటి లోపలి ఫోటో ఎప్పుడు తీస్తారు?" మీతోపాటు వరుసలో ఉన్నవాళ్ళ చేత కూడా అడిగించండి. వచ్చే గ్రామసభలో ఈ కాగితం చదివి తీర్మానం పెట్టించండి. తీర్మానం నకలు పీహెచ్‌సీ డాక్టరుకు ఒకటి, జిల్లా వైద్యాధికారికి ఒకటి, ఎమ్మెల్యేకు ఒకటి ఇచ్చి, ముగ్గురి దగ్గరా రసీదు తీసుకోండి.