గంట కొట్టాక పావుగంట

ఆరేండ్ల కిందటి మాట. రాగి కోతల కాలం. సాయంత్రం గంట కొట్టాక పిల్లలందరూ ఇండ్లకు పోయారు. డెంకణికోట వైపు పోయే బస్సు ఆలస్యం కావడంతో నలుగురు పిల్లలు బడి అరుగు మీద ఉండిపోయారు. రిజిస్టర్లు రాసుకుంటూ మేము వాళ్ళ పక్కనే కూర్చున్నాం. పాఠం లేదు, ప్రశ్న లేదు. కాసేపటికి మూడో తరగతి పాప ఒకతె మెల్లగా అంది: "సార్, రేత్రి మా చేన్లోకి ఏనుగులొచ్చుండాయి."

ఏడాదిగా తరగతిలో నోరు విప్పని పాప అది. ఆ సాయంత్రం బస్సు వచ్చేదాకా ఆపలేదు. తాత మంచె దిగి పరిగెత్తడం, ఊరంతా డబ్బాలు కొట్టడం, పటాసులు కాల్చడం, తెల్లారి చూస్తే సగం చేను తొక్కుడై పోవడం, అన్నీ చెప్పింది. వింటూ ఉంటే మాకు ఒకటి గుర్తొచ్చి తల వంగింది. బడిలో చేరిన కొత్తలో ఇట్లాగే ఏదో చెప్పబోతే, "వచ్చుండాయి కాదు, వచ్చాయి అనాలి" అని మధ్యలోనే దిద్దింది మేమే. ఆ పాప నోరు మూతపడింది అప్పుడే.

మరునాడు ఆమె చెప్పిన మాటలనే నల్లబల్ల మీద రాశాం. తన మాటలు గనుక తడుముకోకుండా చదివింది. పుస్తకంలోని 'వచ్చాయి' తరువాత దానంతటదే వచ్చింది. అందుకు ముందు జరగవలసింది, ఆమె మాటను ఒకరు కూర్చొని వినడం.

మన పిల్లల సంగతి మనకు తెలియనిది కాదు. ఇంట్లో మొరసునాటి తెలుగు, వీధిలో తమిళం, ఎల్ల దాటితే కన్నడం, పుస్తకంలో మరో తెలుగు. 2006లో వచ్చిన తమిళ అభ్యసన చట్టం పదో తరగతి దాకా తమిళాన్ని తప్పనిసరి చేసింది. తమిళం మన పిల్లలు నేర్వవలసిందే, నేరుస్తున్నారు కూడా. అయితే బడి రోజులో తెలుగుకు మిగిలే గంటలు తక్కువ. ఆ కొద్ది గంటలూ దిద్దడానికే సరిపోతే, పిల్లవాడు తెలుగులో తన మనసులోని మాట చెప్పేది ఎప్పుడు?

టెట్సుకో కురొయనాగి తన బడి రోజుల గురించి జపాను భాషలో రాసిన పుస్తకం తెలుగులో 'రైలుబడి'గా వచ్చింది. చాలామంది ఉపాధ్యాయులు చదివే ఉంటారు. అల్లరి పిల్ల అని మొదటి బడి వెళ్ళగొట్టిన ఆ పాపను, కొత్త బడి హెడ్మాస్టరు కొబయాషి ఎదుట కూర్చోబెట్టుకొని నాలుగు గంటలసేపు ఆమె చెప్పిందంతా విన్నారు. చేరిన రోజున ఆయన చేసిన పని అదే. పెద్దయ్యాక కూడా ఆమె మరిచిపోనిది ఆ వినడమే.

నాలుగు గంటలు మనకెక్కడివని తోటి ఉపాధ్యాయులు అడగవచ్చు. న్యాయమే. ఒక్కరే రెండు మూడు తరగతులు చూసుకోవాలి. ఎమిస్‌లో వివరాలు ఎక్కించాలి, శిక్షణలకు పోవాలి. అందుకే పావుగంట చాలంటున్నాం. మధ్యాహ్న భోజనం వేళ పిల్లల వరుసలోనే కూర్చొని తినండి. బస్సు కోసం ఆగినవాళ్ళ పక్కన కాసేపు నిలవండి. ఆ పావుగంటలో పుస్తకం వద్దు, మార్కుల మాట వద్దు, ఉచ్చారణ దిద్దడం అసలే వద్దు. దీనితో మార్కులు వెంటనే పెరుగుతాయని మేము చెప్పడం లేదు. ఖాళీగా ఉన్న తెలుగు ఉపాధ్యాయుల పోస్టులకూ, ఆలస్యంగా అందే పుస్తకాలకూ ఇది బదులు కాదు. వాటిని అడుగుతూనే ఉండాలి. కానీ ఇది చేయడానికి ఎవరి ఉత్తరువూ అక్కరలేదు.

తల్లిదండ్రులకూ ఒక మాట. సిప్‌కాట్ కంపెనీలో షిఫ్టు దిగి వచ్చినా, పూలతోట పని ముగించుకొని వచ్చినా, అలసట మాకు తెలుసు. అయినా బిడ్డ ఇంటికి రాగానే "ఎన్ని మార్కులు?" అని కాక, "ఈ పొద్దు బడిలో ఏం జరిగింది?" అని అడిగి చూడండి. ఫోను పక్కన పెట్టి, మీ ఇంటి తెలుగులోనే అడగండి. అది పల్లె మాటని సిగ్గుపడకండి. రాజ్యాంగంలోని 350ఎ అధికరణం అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక విద్య మాతృభాషలో అందించే ఏర్పాట్లు చేయాలని రాష్ట్రాలకు చెబుతోంది. ఆ మాతృభాష మీ ఇంట్లో మీరు మాట్లాడేదే. ఇంట్లో దానికి చోటు లేకపోతే బడిలో ఎంత చెప్పినా నిలవదు.

ఆ పాప ఇప్పుడు హైస్కూల్లో తొమ్మిదో తరగతి. దారిలో కనబడితే బస్సు వచ్చేదాకా నిలబడి మాతో మాట్లాడుతుంది, తెలుగులోనే. "ఈ ఏడు ఏనుగులొచ్చుండాయా?" అని ఇప్పుడు మేమే అడుగుతున్నాం.